కుట్టి ఇచ్చిన వస్తువు రోజూ చేతిలో ఉండాలంటే

మిషను కుట్టడం నేర్చుకుని ఆరు నెలలైందని, రెండు నెలల్లో పది మందికి చేత్తో కుట్టినవి ఇవ్వాలనుకుంటున్నారని రాశారు. పోయినసారి ఇచ్చిన సంచులను అందరూ మెచ్చుకున్నారు గానీ ఎవరి భుజానా అవి కనిపించలేదని, ఒకటైతే మొదటి ఉతుకుకే మెలితిరిగిందని బాధపడ్డారు. ఏమి కుట్టాలి, ఏ బట్ట తీసుకోవాలి, జిప్పు చివరలు చక్కగా ఎలా వస్తాయి అన్నవి మీ మూడు ప్రశ్నలు. ఇరవై ఏళ్లకు పైగా సంచులు, పౌచులు, కళ్లజోడు కేసులు కుడుతున్నాను. వాటిలో ఎక్కువ భాగం ఎవరికో ఒకరికి ఇవ్వడానికే కుట్టాను. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

మీ సంచులు వాడకంలోకి రాకపోవడానికి కారణం మీ కుట్టు అనుకోవద్దు. మనం సాధారణంగా బట్ట నచ్చి కుట్టడం మొదలుపెడతాం. ముందు పువ్వుల బట్ట దొరుకుతుంది, దానితో ఏదో ఒకటి తయారవుతుంది, దాన్ని ఎవరికో ఇస్తాం. ఈ వరస తిరగేయాలి. ఆ మనిషి రోజూ దేన్ని మోస్తారు, దేన్ని ఎక్కడ పెట్టి వెతుక్కుంటారు, ఏది గీతలు పడి పాడవుతోంది అన్నది ముందు చూడాలి. ఆ వస్తువును టేపుతో కొలవాలి. బట్ట సంగతి ఆ తరువాత.

నాకు ఇది ఒక కళ్లజోడు కేసు నేర్పింది. ఒక స్నేహితురాలికి మెరిసే పట్టు ముక్కతో, అంచున పూసలు కుట్టి ఇచ్చాను. మూడు రోజులు పట్టింది. కొన్నాళ్లకు వాళ్లింటికి వెళితే ఆమె కళ్లజోడు బల్ల మీద బోర్లా పడి ఉంది, కేసు బీరువాలో భద్రంగా ఉంది. అడిగితే మొహమాటపడుతూ చెప్పింది: చదువుకునే కళ్లజోడు ఫ్రేము మందం, కేసులోకి దూరాలంటే రెండు చేతులూ కావాలి, పైగా ఉతికితే పాడవుతుందని భయం. ఆ సాయంత్రమే ఆమె కళ్లజోడు కొలుచుకుని వచ్చి, పాత చొక్కా బట్టతో, లోపల మెత్తని ఫ్లానెల్ వేసి ఇంకోటి కుట్టాను. గంటన్నర పని. దాన్ని ఆరేళ్లు వాడింది. అంచు అరిగి లోపలి ఫ్లానెల్ బయటపడితే, ఇలాంటిదే మళ్లీ కుట్టివ్వమని చేతిలో పెట్టింది. నలిగి రంగు వెలిసిన ఆ కేసును చూసినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకే మెప్పులోనూ దొరకలేదు.

కొలిచే పద్ధతి తేలిక, కానీ ఇక్కడే అందరూ తప్పుతారు. కళ్లజోడు వెడల్పు మాత్రమే కొలిచి దానికి ఒక సెంటీమీటరు కలిపితే చాలదు, మందం కూడా బట్టను తినేస్తుంది. మడిచిన కళ్లజోడు చుట్టూ టేపు తిప్పండి. ఎత్తు నాలుగున్నర, మందం మూడున్నర ఉన్న ఫ్రేముకు చుట్టుకొలత దాదాపు 16 సెం.మీ. వస్తుంది. అందులో సగం 8, సులువుగా జారడానికి ఇంకో 1, అంటే పూర్తయిన కేసు లోపలి వెడల్పు 9 సెం.మీ. ఉండాలి. రెండు పక్కలా కుట్టుకు ఒక్కో సెంటీమీటరు కలిపితే కత్తిరించాల్సింది 11. పొడవుకు కూడా మడిచిన కళ్లజోడు పొడవు మీద రెండు, మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉంచండి. ఫోను సంచికి, ఛార్జరు పౌచుకు, పెన్నుల సంచికి, దేనికైనా ఇదే లెక్క: చుట్టుకొలతలో సగం, దానిపై సడలింపు, దానిపై కుట్టు మార్జిను.

అవతలివారికి తెలియకుండా కొలవడం కుదరకపోతే, తెలిసేలాగే అడగండి. ఆశ్చర్యపరచాలనే కోరిక వల్ల ఎన్నో మంచి బహుమతులు సైజు తప్పి మూలన పడ్డాయి.

ఇక ఏమి కుట్టాలన్నది. పది మందికి పది రకాలు కుట్టకండి. రెండే రకాలు ఎంచుకోండి. ఒక్కో కొత్త వస్తువు మొదటిసారి కుట్టేటప్పుడు తప్పులు తప్పవు. అదే వస్తువు నాలుగోసారి కుట్టేసరికి చేతికి దారి తెలుస్తుంది. నేనైతే మీకు లైనింగ్ వేసిన జిప్పు పౌచు, అడుగు వెడల్పున్న భుజం సంచి చెబుతాను. ఈ రెండింటినీ వాడని మనిషి అరుదు. కళ్లజోడు పెట్టుకునేవాళ్లు ఉంటే వాళ్లకు కేసు. దుస్తుల్లాగా ఒంటి కొలతలు అవసరం లేనివి కనుక ఆరు నెలల అనుభవానికి ఇవి సరిగ్గా సరిపోతాయి. అయితే ఇవ్వడానికి కుట్టే ముందు మీకోసం ఒకటి కుట్టుకుని పది రోజులు వాడి చూడండి. పట్టీ భుజం మీద జారుతోందా, జిప్పు ఎక్కడైనా పట్టేస్తోందా అన్నది మీకే తెలుస్తుంది, మిగతావాటిలో సరిదిద్దుకోవచ్చు.

మీ సంచి మెలితిరగడానికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది, ఉతకని బట్ట. నూలు బట్ట మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతుల దాకా కుంచించుకుపోవడం మామూలే. 40 సెం.మీ. ముక్కలో ఐదు శాతం అంటే 2 సెం.మీ. పైబట్ట నూలుది, లోపలి లైనింగ్ పాలిస్టరుది అయితే పైది కుంచించుకుంటుంది, లోపలిది అలాగే ఉంటుంది. అప్పుడు సంచి ముడతలు పడి ఒక పక్కకు లాగుతుంది. అందుకని పైబట్ట, లైనింగ్ రెండింటినీ కత్తిరించే ముందే ఉతకండి. అవతలివారు ఎలా ఉతుకుతారో అలాగే, వాళ్లు మిషనులో వేస్తారనుకుంటే మీరూ మిషనులోనే వేయండి. ముదురు రంగులను విడిగా ఒక తెల్ల గుడ్డముక్కతో కలిపి ఉతికితే రంగు వదులుతుందో లేదో కూడా తేలిపోతుంది.

రెండోది, పోగు తప్పి కత్తిరించడం. బట్ట పక్క అంచుకు సమాంతరంగా పోయేది పడుగు, అడ్డంగా పోయేది పేక. ఈ రెండు దిక్కుల్లో బట్ట పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే రబ్బరులా సాగుతుంది. బట్ట మిగుల్చుకుందామని సంచి ముక్కను కాస్త వాలుగా కత్తిరిస్తే, బరువు పడగానే, తడవగానే అది సాగే దిక్కుకు పోతుంది. ముక్కలు తక్కువ వచ్చినా సరే, పొడవును పడుగు దిక్కునే ఉంచండి. పట్టీలకైతే ఇది మరీ ముఖ్యం.

భుజం సంచికి దళసరి నూలు కాన్వాస్ లేదా పాత జీన్సు, పౌచుకు మధ్యరకం నూలు బట్ట, దాని వెనుక బట్ట బిగువుగా నిలవడానికి ఇస్త్రీతో అంటించే బక్రం. పాత జీన్సు వాడేటప్పుడు మోకాలి దగ్గర పల్చబడిన భాగం వదిలేయండి, తొడ వెనుక భాగం గట్టిగా ఉంటుంది. లైనింగుకు లేత రంగు ఎంచుకోండి. నల్లటి లైనింగులో నల్ల పెన్ను, తాళంచెవి కనిపించక చేయి పెట్టి తడుముకోవాలి. ఇది చిన్న విషయమే అనిపిస్తుంది, కానీ రోజూ వాడేవారికి చిన్నది కాదు.

బక్రం అంటించేటప్పుడు ఇస్త్రీపెట్టెను బట్టల మీద తోసినట్టు తోయకూడదు. ఒక చోట పెట్టి పది, పన్నెండు సెకన్లు నొక్కి ఉంచి, ఎత్తి, పక్క చోట పెట్టాలి. తోస్తే బక్రం జరిగి బుడగలు వస్తాయి. పూర్తిగా చల్లారేదాకా కదపవద్దు, జిగురు పట్టేది చల్లారేటప్పుడే. బక్రాన్ని కుట్టు మార్జిను మినహాయించి కత్తిరిస్తే కుట్ల దగ్గర మందం పెరగదు, మూలలు పదునుగా తిరుగుతాయి.

ఇప్పుడు మీరు ఎక్కువగా ఇబ్బంది పడిన జిప్పు. పూర్తయ్యాక 20 సెం.మీ. వెడల్పు, 14 సెం.మీ. ఎత్తు ఉండే పౌచు తీసుకుందాం. పైబట్ట 22 బై 16 ముక్కలు రెండు, లైనింగ్ అదే కొలతలో రెండు, బక్రం 20 బై 14 రెండు. జిప్పు నైలాన్ పళ్లదే తీసుకోండి. దాన్ని కత్తెరతో కోయవచ్చు, పళ్ల మీదుగా కుట్టవచ్చు. లోహపు పళ్ల మీద సూది పడితే విరిగి కంటి మీదికి ఎగిరే ప్రమాదం ఉంది. చిన్న పౌచుకు 3 నంబరు జిప్పు, సంచికి 5 నంబరు సరిపోతాయి.

పౌచు మూలలు ముద్దగా, లోపలికి పీక్కుపోయినట్టు రావడానికి కారణం జిప్పు పక్క కుట్టు దాకా పోవడమే. అక్కడ జిప్పు పట్టీ, పైబట్ట, లైనింగ్ అన్నీ కలిసి గుట్టపడతాయి. జిప్పును 22 ఉంచకుండా 19 సెం.మీ.కు కత్తిరించండి. కోసే ముందు రన్నరు మధ్యలో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే అది ఊడి చేతికి వస్తుంది. కోసిన రెండు చివరలకూ చిన్న బట్ట ముక్కను మడిచి, జిప్పు మీద అర సెంటీమీటరు ఎక్కించి కుట్టండి. ముక్కలతో కలిపి మొత్తం పొడవు 22 రావాలి. అంటే జిప్పు పక్క కుట్టుకు అర సెంటీమీటరు లోపలే ఆగిపోతుంది, కుట్టులోకి పోయేది మెత్తని బట్ట మాత్రమే. పౌచు మూలలు చతురస్రంగా నిలబడేది దీనివల్లే. ఈ ఒక్క మార్పుతో మీ పౌచుకూ కొన్న పౌచుకూ తేడా పోతుంది.

తరువాత పైబట్టను మంచివైపు పైకి పరిచి, పై అంచున జిప్పును మంచివైపు కిందికి ఉండేలా పెట్టి, దాని మీద లైనింగును మంచివైపు కిందికి ఉండేలా కప్పండి. మూడు అంచులూ కలిపి జిప్పు పాదంతో, అంటే జిప్పు పళ్ల పక్కనే కుట్టేందుకు మిషనుకు తగిలించే సన్నని పాదంతో, కుట్టండి. సగం దూరం వచ్చాక రన్నరు అడ్డొస్తుంది. అక్కడ కుట్టును పక్కకు వంచి దాటించాలని చూడకండి, వంకర వచ్చేది అక్కడే. సూదిని బట్టలోకి దించి ఉంచి, పాదం ఎత్తి, రన్నరును వెనక్కి లాగి, పాదం దించి కొనసాగించండి. రెండో పక్క కూడా ఇలాగే. బట్టలను జిప్పు నుంచి వెనక్కి తిప్పి ఇస్త్రీ చేసి, మడతకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో పైకుట్టు వేయండి. ఈ పైకుట్టు మానేస్తే వాడుతున్నకొద్దీ లైనింగు జిప్పు పళ్లలో ఇరుక్కుంటుంది.

చివరి చుట్టు కుట్టే ముందు జిప్పును సగం తెరిచి ఉంచాలి. మరిచిపోతే పౌచును తిరగేయడానికి దారి ఉండదు, కుట్టంతా విప్పాలి. పైబట్టలు రెండూ ఎదురెదురుగా, లైనింగులు రెండూ ఎదురెదురుగా పెట్టి, మధ్యలో జిప్పు లైనింగు వైపుకు వంగేలా సర్దండి. పైబట్టకు సెంటీమీటరు మార్జిను, లైనింగుకు సెంటీమీటరున్నరకు కాస్త తక్కువగా, అంటే 12, 13 మిల్లీమీటర్లు. లైనింగు ఆ కాస్త చిన్నగా ఉంటేనే లోపల సంచిలా ఉబ్బకుండా అతుక్కుని కూర్చుంటుంది. లైనింగు అడుగున 8 సెం.మీ. సందు వదిలి అందులోంచి తిరగేయండి. అంతకన్నా ముందు మూలల్లో మార్జినును ఐమూలగా కత్తిరించాలి, కుట్టుకు మూడు మిల్లీమీటర్లు వదిలి. మూలను బయటికి నెట్టడానికి కత్తెర కొన వాడవద్దు, ఒక్క పోటుకు బట్ట చిరుగుతుంది. చెక్కని పెన్సిలు వెనుక భాగం చాలు.

భుజం సంచికి రెండు ముక్కలు, ఒక్కోటి 42 బై 42 సెం.మీ. చతురస్రం. లైనింగు కూడా అంతే. కింది రెండు మూలల్లోనూ 5 సెం.మీ. చతురస్రం కత్తిరించి తీసేస్తే, అడుగు 10 సెం.మీ. వెడల్పు వస్తుంది. ఇక్కడ చాలామంది కుట్టు మార్జినును విడిగా కలపాలా అని తికమకపడతారు. అన్ని కుట్లకూ ఒకటే మార్జిను పెడితే కలపనవసరం లేదు, కత్తిరించిన అంచు నుంచి నేరుగా 5 కొలవండి. పక్కలు, అడుగు కుట్టి, తరువాత మూలను చదునుగా నొక్కి అడ్డంగా కుట్టాలి. పూర్తయ్యాక వెడల్పు 30, ఎత్తు 35, అడుగు 10 వస్తుంది. ఒక పుస్తకాల దొంతర, నీళ్ల సీసా, గొడుగు పట్టే కొలత ఇది.

సంచి చిరిగేది దాదాపు ఎప్పుడూ పట్టీ అతికిన చోటే. పట్టీకి 10 సెం.మీ. వెడల్పు ముక్కను నాలుగు మడతలు వేస్తే రెండున్నర సెంటీమీటర్ల గట్టి పట్టీ వస్తుంది. పొడవు 70 సెం.మీ. ఉంటే చలికోటు మీద నుంచి కూడా భుజానికి ఎక్కుతుంది. పట్టీ చివరను పై అంచు కుట్టులో ఇరికించి వదిలేయకండి. నాలుగు సెంటీమీటర్లు సంచి మీదికి దించి, చుట్టూ చతురస్రం కుట్టి, లోపల అడ్డంగా రెండు గీతలు గుణకారం గుర్తులా కుట్టండి. ఆ చోట లోపలివైపు ఒక కాన్వాస్ ముక్కను ఆసరాగా పెడితే బరువు ఒక్క వరస కుట్టు మీద పడకుండా నాలుగు దిక్కులకూ పంచుకుపోతుంది.

ఇంత మందం దగ్గర మిషను మొరాయిస్తుంది. పాదం ముందు పైకి లేచి, కుట్లు చిన్నవై, దారం తెగుతుంది. పాదం వెనుక భాగం కింద అదే మందానికి మడిచిన గుడ్డముక్క పెట్టండి. పాదం సమతలంగా ఉంటే మిషను మామూలుగా నడుస్తుంది. అవసరమైతే చక్రాన్ని చేత్తోనే తిప్పండి. మామూలు నూలు బట్టకు 14 నంబరు, కాన్వాస్, జీన్సుకు 16 నంబరు సూది. కుట్టు పొడవు రెండున్నర మిల్లీమీటర్లు, పైకుట్టుకు మూడు దాటినా ఫరవాలేదు. దారం పాలిస్టరుదే వాడండి, చెమటకూ నీటికీ నూలు దారం త్వరగా బలహీనపడుతుంది. పది వస్తువులు కుట్టబోతున్నారు కనుక కొత్త సూదితో మొదలుపెట్టి, సగంలో మార్చండి. మొద్దుబారిన సూది బట్ట పోగులను లాగి గీతలు తెస్తుంది, తప్పు బట్టదేమో అనుకుంటాం.

మూత సంగతి అడగలేదు గానీ చెప్పాలి. కేసులకు, సంచులకు వెల్క్రో పెట్టడం సులువు, అయినా ఉన్ని దుస్తులు, శాలువాలు వేసుకునేవారికి పెట్టకండి. దాని కొక్కేల వైపు ప్రతి పోగునూ పట్టుకుంటుంది. స్విట్జర్లాండుకు చెందిన జార్జ్ ద మెస్ట్రాల్ తన కుక్క బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శినిలో చూసి, ఆ కొక్కేల తీరునే అనుకరించి దాన్ని తయారుచేశాడు. పోగులను పట్టుకోవడం దాని పుట్టుకలోనే ఉంది. కేసుకు ప్రెస్ బటన్ మేలు. చేతివేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకైతే బటన్ కూడా వద్దు, పైన మడతలా దిగే మూత ఒక్కటే చాలు.

వంటింట్లో వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలు కూడా మంచి బహుమతే, కానీ అందులో ఒక జాగ్రత్త తప్పనిసరి. లోపల వేసే దూది పొర పూర్తిగా నూలుదే కావాలి, రెండు పొరలు వేయాలి. పాలిస్టరు పొర వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. వేడిని ఆపే మెరుపు పొర దొరుకుతుంది, అది గిన్నెలు పట్టుకునే గుడ్డలకు పనికొస్తుంది గానీ మైక్రోవేవ్‌లో పెట్టే వాటికి ఎంతమాత్రం వాడకూడదు, అందులో లోహపు పూత ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే వాటిలో బటన్లు, పూసలు, పొడవాటి తాళ్లు వద్దు.

రెండు నెలల సమయం సరిపోతుంది, పనిని విడగొట్టుకుంటే. ఒక రోజు అన్ని బట్టలూ ఉతకడం, ఇంకో రోజు అన్నీ కత్తిరించడం, ఒక సాయంత్రం బక్రాలన్నీ అంటించడం, తరువాత జిప్పులన్నింటికీ చివర ముక్కలు కట్టడం. ఒకే పని వరసగా చేస్తుంటే చేయి కుదురుతుంది, దారం రంగు మార్చే పని తగ్గుతుంది. ఒక్కొక్కరి ముక్కలను విడివిడిగా కట్టి పేరు రాసి పెట్టుకోండి. నేను మొదట్లో ఇలా చేయక, ఒకరి పైబట్టకు ఇంకొకరి లైనింగు కుట్టి రాత్రంతా విప్పాను.

ప్రతి కుట్టు తరువాతా ఇస్త్రీ చేయండి. చివర్లో ఒకేసారి చేద్దామనుకుంటే లోపలి కుట్లు అప్పటికే వంకరగా స్థిరపడి ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ మంది దాటవేసేది ఇదే.

పేరు ఎంబ్రాయిడరీ చేయాలా అన్న సందేహం కూడా రావచ్చు. చేస్తే లోపలి జేబు మీద, చిన్నగా చేయండి. వస్తువుతో పాటు ఒక చిన్న కాగితం పెట్టండి: ఏ బట్ట, ఎలా ఉతకాలి, ఎండలో ఆరేయవచ్చా అన్నది రెండు వాక్యాల్లో. "ముందే ఉతికి కుట్టాను, మిషనులో వేయవచ్చు" అని రాసి ఉంటే ఎవరూ దాచిపెట్టరు. మీ మొదటి పౌచు పూర్తయ్యాక దాని జిప్పు మూల ఫోటో పెట్టండి. రెండో పౌచు కత్తిరించే ముందే, ఎక్కడైనా సరిదిద్దాల్సింది ఉంటే చూసి చెబుతాను.